చేతికి లొంగే పిస్టల్

చిన్న పిస్టల్ అయితే కాల్చడం సులువు అనుకోవడం దగ్గరే చాలామందికి గొడవ మొదలవుతుంది. కొత్తగా షూటింగ్ నేర్చుకుందామని వచ్చేవాళ్లలో, ముఖ్యంగా చేతులు చిన్నగా ఉన్నవాళ్లు, మణికట్టులో బలం తక్కువున్నవాళ్లు, వయసు మీద పడ్డవాళ్లు, షాపులో అద్దం కింద వరసగా పెట్టినవాటిలో అన్నిటికన్నా బుల్లిదాన్ని చూపించి "ఇదైతే నాకు సరిపోతుంది" అంటారు. పక్కనున్నవాళ్లూ అదే సలహా ఇస్తారు. నన్ను అడిగితే మాత్రం దానికి సరిగ్గా ఉల్టా చెప్తాను: మీ చెయ్యి చుట్టూ పట్టుకోగలిగినంతలో పెద్దది, చేతులు చాచి కాసేపు నిలకడగా పట్టుకోగలిగినంతలో బరువైనది తీసుకోండి. జేబులోనో నడుముకో పెట్టుకుని తిరగడం కోసం కాదు కదా మనం కొనేది, రేంజ్‌లో కాగితం మీద గురి చూసి కొట్టడానికి. అలాంటప్పుడు బరువు మనకి శత్రువు కాదు, అన్నిటికన్నా పెద్ద సాయం అదే.

ఇది అభిప్రాయం కాదు, లెక్క. తూటా ఎంత ఊపుతో ముందుకు పోతే తుపాకీ అంతే ఊపుతో వెనక్కి వస్తుంది. 9 ఎంఎం అనే తూటా సైజులో మామూలుగా దొరికే 115 గ్రెయిన్ల తూటా సుమారు ఏడున్నర గ్రాములు ఉంటుంది, సెకనుకు 350 మీటర్ల అటూఇటూ వేగంతో గొట్టం దాటుతుంది. ఆ ఊపుని మనం తగ్గించలేం, తూటా మారిస్తే తప్ప. కానీ దాన్ని మోసే తుపాకీ ఎంత బరువుండాలో మన చేతిలో ఉంది. బరువు రెట్టింపైతే తుపాకీ వెనక్కి తన్నే వేగం సగమవుతుంది, చేతికి తగిలే శక్తి కూడా సగానికి పడిపోతుంది. గ్లాక్ 17 ఖాళీగా సుమారు 630 గ్రాములు. సీజెడ్ షాడో 2 సుమారు 1.3 కిలోలు. ఒకే పెట్టెలోంచి తీసిన తూటాలు ఈ రెండింట్లో వేసి కాల్చి చూస్తే వేర్వేరు కేలిబర్లేమో (తూటా సైజులేమో) అన్నంత తేడా తెలుస్తుంది, ఎవరూ చెప్పక్కర్లేదు.

కేలిబర్ చిన్నదైతే తన్ను తగ్గుతుంది కదా అని .380 కొనేవాళ్లున్నారు. అందులో సగమే నిజం. .380 తూటా 9 ఎంఎం కన్నా బలహీనమైనదే, కానీ తుపాకీ లోపల యంత్రం ఎలా పనిచేస్తుందన్నది కూడా చూడాలి. పాత పద్ధతి .380 పిస్టళ్లు చాలావరకు బ్లోబ్యాక్ రకం, అంటే తూటా పేలినప్పుడు గొట్టానికీ స్లయిడ్‌కీ (తుపాకీ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) మధ్య తాళం లాంటిదేమీ ఉండదు, స్లయిడ్ బరువూ వెనక స్ప్రింగ్ బిగువూ మాత్రమే దాన్ని ఆపుతాయి. అందుకని స్ప్రింగ్ గట్టిగా పెట్టాల్సొస్తుంది. వాల్థర్ పీపీకే అలాంటిదే, 1931 నాటి డిజైన్, చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, చేతిలో మాత్రం చాలా 9 ఎంఎం పిస్టళ్లకన్నా చురుగ్గా కొడుతుంది, స్లయిడ్ లాగడమూ కష్టమే. అదే గొట్టమూ స్లయిడూ కలిసి కాస్త దూరం వెనక్కి వచ్చాక విడిపోయే లాక్డ్ బ్రీచ్ రకమైతే స్ప్రింగ్ అంత గట్టిగా ఉండక్కర్లేదు, తన్ను కూడా ఒక్కసారిగా కాకుండా కొంచెం సాగి తగులుతుంది. కాబట్టి కేలిబర్ ఒక్కటే చూసి కొనకండి, లోపల ఏ రకమో అడగండి. షాపువాళ్లకి తెలియకపోతే తయారీ కంపెనీ వివరాల పేజీలో ఉంటుంది.

స్లయిడ్ లాగడం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది పిస్టల్ షూటింగ్ మీద ఆశ వదులుకునేది ఇక్కడే. మా రేంజ్‌కి ఒక పెద్దావిడ వస్తారు, వేళ్ల కీళ్లు కాస్త వాచి ఉంటాయి. మొదటిసారి ఆవిడ తుపాకీని ముందుకు చాచి పట్టుకుని, రెండో చేతి బొటనవేలూ చూపుడువేలూ మధ్య స్లయిడ్ చివర పట్టుకుని లాగబోయారు. స్లయిడ్ అరంగుళం కూడా కదల్లేదు. "ఇది నా వల్ల అయ్యే పని కాదు బాబూ" అని బల్ల మీద పెట్టేశారు. నేనన్నాను, "లాగకండమ్మా, తొయ్యండి." తుపాకీని ఛాతీ దగ్గరికి తెచ్చుకోమన్నాను, గొట్టం మాత్రం టార్గెట్ వైపే ఉండాలి, వేలు ట్రిగ్గర్‌కి దూరంగా ఉండాలి. ఎడం చెయ్యి పైనుంచి కప్పి నాలుగు వేళ్లూ అరచేయీ కలిపి స్లయిడ్‌ని గట్టిగా పట్టుకుని అక్కడే ఉంచాలి, కుడిచేత్తో తుపాకీనే ముందుకు గుద్దినట్టు తొయ్యాలి. రెండో ప్రయత్నానికే ఖటక్కుమని వెనక్కి వచ్చింది. ఆవిడ నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. అంతవరకూ అడ్డొచ్చింది బలం లేకపోవడం కాదు, బలమున్న కండరాలకి పని చెప్పకపోవడం.

ఇంకో చిన్న కిటుకు ఉంది, చాలామందికి తెలియదు. బెరెట్టా 92 లాంటి బయటికి హ్యామర్ (తూటా పేలడానికి దెబ్బ కొట్టే చిన్న సుత్తి) కనిపించే పిస్టళ్లలో, స్లయిడ్ లాగేటప్పుడు మన బలంలో కొంత ఆ హ్యామర్‌ని వెనక్కి మడవడానికే పోతుంది. ముందే బొటనవేలితో హ్యామర్‌ని వెనక్కి లాగి పెట్టుకుంటే స్లయిడ్ చాలా తేలిగ్గా వస్తుంది. తుపాకీ ఖాళీగా ఉన్నప్పుడు రెండు రకాలుగానూ లాగి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. ఇలాంటి ఇబ్బంది ఉన్నవాళ్లని మనసులో పెట్టుకునే స్మిత్ అండ్ వెసన్ వాళ్లు షీల్డ్ ఈజెడ్ అని తెచ్చారు, ముందు 2018లో .380, తర్వాత 2020లో 9 ఎంఎం. స్లయిడ్ నిజంగానే మెత్తగా వస్తుంది, మ్యాగజైన్ పక్కన చిన్న బొడిపె ఉంటుంది, దాన్ని కిందికి నొక్కి పట్టుకుంటే తూటాలు వేళ్లు నొప్పి పుట్టకుండా లోపలికి జారతాయి. చేతుల్లో బలం నిజంగా తక్కువున్నవాళ్లకి నేను చూపించే వాటిలో ఇదొకటి. కాకపోతే అది తేలికపాటి తుపాకీ, కాబట్టి పైన చెప్పిన బరువు లెక్క దానికీ వర్తిస్తుంది.

ఇక పట్టు. పిస్టల్ చేతికి సరిపోయిందా లేదా అన్నది షాపులోనే తేలిపోతుంది, ఒక్క తూటా కాల్చక్కర్లేదు. ఖాళీగా ఉందని మీ కళ్లతో మీరే చూసుకుని (షాపువాడు చూశాడు కదా అని వదిలెయ్యొద్దు), సురక్షితమైన వైపు తిప్పి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న చీలిక పిడి వెనక వీలైనంత పైకి వచ్చేలా పట్టుకోండి. గొట్టం మీ ముంజేతి ఎముకలకి తిన్నగా ఉండాలి. ఇప్పుడు చూపుడువేలు ట్రిగ్గర్ మీద పెడితే మొదటి కణుపు మెత్తటి భాగం మధ్యలోకి రావాలి. వేలికొస మాత్రమే అందుతోందంటే పిడి మీకు లావు, నొక్కినప్పుడల్లా తుపాకీ ఒక పక్కకి జరుగుతుంది. వేలు మొదటి గీత దాటి లోపలికి పోతోందంటే పిడి సన్నం. వేలు అందడం కోసం పిడిని చేతిలో పక్కకి తిప్పుకుని పట్టుకునేవాళ్లని చూస్తుంటాను, అలా పట్టుకుంటే తన్ను ముంజేతిలోకి పోకుండా బొటనవేలి కీలు మీద పడుతుంది, కాసేపటికే నొప్పి మొదలవుతుంది. 1990ల చివర్లో వాల్థర్ పీ99 పిడి వెనక భాగాన్ని మార్చుకునే వీలుతో వచ్చింది, ఇప్పుడు చాలా కంపెనీలు పెట్టెలోనే రెండు మూడు సైజులు ఇస్తున్నాయి. అవి అలాగే పెట్టెలో పడుండి ఉంటాయి చాలామంది ఇళ్లలో. డబ్బు ఖర్చు లేని అప్‌గ్రేడ్ అది, ముందు దాన్ని తీసి పెట్టుకు చూడండి.

ట్రిగ్గర్ దగ్గరికొద్దాం, నాకు బాగా ఇష్టమైన విషయం. గ్లాక్ లాంటి స్ట్రైకర్ పిస్టల్ (హ్యామర్‌కి బదులు స్ప్రింగుతో ముందుకి దూకే పిన్ను ఉండేది) మామూలు ట్రిగ్గర్ నొక్కడానికి సుమారు రెండున్నర కిలోల ఒత్తిడి కావాలి. తుపాకీ బరువేమో ముప్పావు కిలో కూడా లేదు. అంటే తుపాకీ బరువుకి దాదాపు నాలుగింతల బలం ఒక్క వేలితో పెట్టాలి, పెట్టేటప్పుడు తుపాకీ వెంట్రుకవాసి కూడా కదలకూడదు! గురి తప్పడంలో ఆశ్చర్యమేముంది. అదే షాడో 2 లాంటి దాంట్లో హ్యామర్ ముందే వెనక్కి ఉన్నప్పుడు ట్రిగ్గర్ బరువూ తుపాకీ బరువూ ఇంచుమించు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఒలింపిక్ షూటింగ్ చూడండి, 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌కి ట్రిగ్గర్ కనీసం 500 గ్రాములుంటే చాలు, తుపాకీ మాత్రం 1500 గ్రాముల దాకా ఉండొచ్చు. 25 మీటర్ల పిస్టల్‌కి ట్రిగ్గర్ కనీసం 1000 గ్రాములు, తుపాకీ 1400 దాకా. ప్రపంచంలో అందరికన్నా కచ్చితంగా కొట్టేవాళ్ల చేతుల్లో ఉన్నది ట్రిగ్గర్ కన్నా బరువైన తుపాకీ. "కాల్చడం సులువు" అన్న మాటకి అసలు అర్థం నాకు ఈ నిష్పత్తిలోనే కనిపిస్తుంది. పిస్టల్ ఎంచుకునేటప్పుడు తన్ను గురించి అడిగినంతగా ఎవరూ దీని గురించి అడగరు.

మరి మొదటి పిస్టల్ ఏది అంటే, .22 ఎల్ఆర్. దీని మీద నాకు రెండో ఆలోచన లేదు. 1887 నుంచీ ఉన్న తూటా, 40 గ్రెయిన్లు అంటే 2.6 గ్రాములు, దాని ఊపు 9 ఎంఎం ఊపులో మూడో వంతు కూడా ఉండదు. రూగర్ మార్క్ 4 గానీ, బ్రౌనింగ్ బక్ మార్క్ గానీ తీసుకుంటే బరువు సరిపడా ఉంటుంది, గొట్టం కదలకుండా ఫ్రేముకి బిగించి ఉంటుంది, ట్రిగ్గర్ పెట్టెలోంచి తీసినప్పుడే శుభ్రంగా ఉంటుంది. రూగర్ పాత మార్కులు విప్పితే మళ్లీ బిగించడం ఒక శిక్ష, 2016లో వచ్చిన మార్క్ 4లో వెనక ఒక్క మీట నొక్కితే పైభాగం తెరుచుకుంటుంది, కొత్తవాళ్లకి ఆ ఒక్క కారణం చాలు. తూటాల విషయంలో .22 పిస్టళ్లకి నఖరాలెక్కువ. ఒక పెట్టె తూటాలు చక్కగా ఆడతాయి, ఇంకో కంపెనీవి ఇరుక్కుంటాయి. మూడు నాలుగు రకాలు కొద్దికొద్దిగా కొని మీ తుపాకీకి ఏది నచ్చుతుందో చూసుకున్నాకే ఎక్కువ మొత్తంలో కొనండి.

రివాల్వర్ సంగతి ఒక్క మాట. .357 రివాల్వర్లో .38 స్పెషల్ తూటాలు వేసుకోవచ్చు, ఉక్కు ఫ్రేమూ నాలుగంగుళాల గొట్టమూ ఉన్నదైతే చాలా మర్యాదగా కాలుస్తుంది. లాగే స్లయిడ్ లేదు, నింపే మ్యాగజైన్ లేదు. కానీ డబుల్ యాక్షన్‌లో, అంటే ట్రిగ్గరే హ్యామర్‌ని వెనక్కి లేపి వదిలేటప్పుడు, ట్రిగ్గర్ నాలుగున్నర అయిదు కిలోల దాకా ఉంటుంది, వేళ్ల బలం లేనివాళ్లకి అదే అడ్డం వస్తుంది. చేతిలో ఇమిడిపోయే తేలికపాటి బుల్లి రివాల్వర్ని మాత్రం కొత్తవాళ్లకి ఎవరైనా అంటగడుతుంటే దయచేసి అడ్డుపడండి.

ఇప్పుడు అసలు సరదా, అప్‌గ్రేడ్లు. పిస్టల్ కొన్న నెలలోపే ఏదో ఒకటి మార్చాలని చెయ్యి దురదపెట్టడం సహజం, నాకూ విడిభాగాల పెట్టెలు తెరవడమంటే పండగే. అయితే ఏది ముందు మార్చాలి అన్న దాంట్లో నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. ముందు కంటికి కనిపించేది, తర్వాత చేతికి తగిలేది, అన్నిటికన్నా చివర లోపల ఉండేది. దీన్ని తిరగేసి ట్రిగ్గర్ కిట్‌తో మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ.

సైట్ల (గురి చూసే గుర్తుల) నుంచి మొదలుపెట్టడానికి కారణం ఉంది. ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య దూరం 150 మిల్లీమీటర్లు అనుకోండి. ముందు సైటు వెనక గాడిలో ఒక్క మిల్లీమీటర్ పక్కకి జరిగితే 10 మీటర్ల దూరంలో తూటా దాదాపు ఏడు సెంటీమీటర్లు పక్కకి పోతుంది, 25 మీటర్లలో పదిహేడు. ఆ ఒక్క మిల్లీమీటరుని కన్ను పట్టుకోవాలంటే ముందు సైటు సన్నగా, అంచులు పదునుగా, రెండు పక్కలా వెలుతురు కనిపించేలా ఉండాలి. చాలా పిస్టళ్లతో వచ్చే ప్లాస్టిక్ సైట్లలో తెల్లచుక్కలూ తెల్లగీతలూ కొట్టొచ్చినట్టుంటాయి, అంచు మాత్రం కనపడదు. వెనకది నల్లగా ఏ గుర్తూ లేకుండా, ముందుది సన్నటి ఫైబర్ ఆప్టిక్ (వెలుతురు పట్టి మెరిసే కడ్డీ) ఉండేలా మార్చుకుంటే వెంటనే తేడా తెలుస్తుంది.

నలభై దాటినవాళ్లకి ముందు సైటు మసకబారడం మొదలవుతుంది, చత్వారం. వాళ్లకి రెడ్ డాట్ (అద్దంలో వెలుగు చుక్క చూపించే సైటు) నిజంగా వరం, ఎందుకంటే చూపు టార్గెట్ మీదే ఉంచి చుక్కని దాని మీద పెడితే చాలు, మూడు వస్తువుల్ని ఒకేసారి కంటితో పట్టుకోవాల్సిన పని లేదు. కొత్తలో చుక్క ఎక్కడుందో వెతుక్కోవడం, తుపాకీ పైకీ కిందికీ ఊపడం అందరికీ ఉంటుంది, ఇంట్లో ఖాళీ తుపాకీతో రోజూ కాసేపు ఎత్తి దించుతుంటే కొన్ని వారాల్లో అదే చూపులోకి వచ్చి నిలబడుతుంది. చుక్క సైజు ఎంఓఏ (కోణం కొలత, ఒక డిగ్రీలో అరవయ్యో వంతు) లో చెప్తారు, 6 ఎంఓఏ చుక్క 25 మీటర్ల దగ్గర నాలుగున్నర సెంటీమీటర్లు కప్పుతుంది, రేంజ్‌కి అది ఇబ్బందేమీ కాదు, త్వరగా దొరుకుతుంది కూడా. చుక్క గుండ్రంగా కాకుండా తోకచుక్కలా చెదిరి కనిపిస్తే కంపెనీని తిట్టేముందు ఫోన్ కెమెరా అద్దం వెనక పెట్టి చూడండి. కెమెరాలో గుండ్రంగా ఉందంటే తేడా మీ కంట్లో ఉంది, ఆస్టిగ్మాటిజం, కళ్ల డాక్టర్ దగ్గరికెళ్లాలి. బ్యాటరీ ఎక్కడ పెట్టాలో కూడా కొనేముందే చూసుకోండి. ట్రిజికాన్ ఆర్ఎంఆర్ లో బ్యాటరీ అడుగున ఉంటుంది, మార్చాలంటే డాట్ మొత్తం ఊడదీయాలి, హోలోసన్ 507సీ లో పక్కనుంచి చిన్న అర బయటికి లాగితే చాలు. బిగించేటప్పుడు స్క్రూలకి థ్రెడ్ లాకర్ (వదులవకుండా పట్టే జిగురు) రాసి కంపెనీ చెప్పినంత టార్క్‌తోనే బిగించండి. ఇవాళ గురి బాగుంది, రేపు మొత్తం ఎడమకి పోతోంది అని తలపట్టుకునేవాళ్ల తుపాకీ తీసుకుని డాట్‌ని వేళ్లతో కదిపి చూడండి, సగంమందికి అది కదులుతుంది.

చేతికి తగిలే వాటిలో గరుకు టేప్ లాంటిది ఇంకోటి లేదు. చెయ్యి చెమటపడితే పాలిమర్ పిడి జారుతుంది, తుపాకీ జారితే ప్రతి తూటాకీ పట్టు మార్చుకోవాలి, పట్టు మారితే గురి మారుతుంది. పిడి ఆకారానికి కత్తిరించిన టేప్ అంటించుకుంటే ఈ గొలుసు మొదట్లోనే తెగుతుంది, నచ్చకపోతే పీకెయ్యొచ్చు. రబ్బరు తొడుగులు నాకు నచ్చవు, పిడిని లావు చేస్తాయి, కాలుస్తుంటే మెల్లగా తిరుగుతాయి. సోల్డరింగ్ ఐరన్‌తో పాలిమర్ మీద చుక్కలు కాల్చి గరుకు చేసుకునేవాళ్లున్నారు, బాగా చేసినవి చూస్తే కళ్లు చెదురుతాయి, కానీ ఒకసారి కాల్చాక వెనక్కి రాదు, వారంటీ పోతుంది, కాబట్టి ఆ పిస్టల్ జీవితాంతం మీ దగ్గరే ఉంటుందన్న నమ్మకం కుదిరాకే ఆ పని. సీజెడ్ లాంటి లోహపు ఫ్రేములకి ఇత్తడి గ్రిప్పులు దొరుకుతాయి, అవి బరువు పెంచుతాయి, బరువు ఏం చేస్తుందో పైన చెప్పుకున్నాం.

మ్యాగజైన్ నింపే లోడర్‌ని అప్‌గ్రేడ్ అని ఎవరూ అనరు, నేనంటాను. బొటనవేలితో తూటాలు నొక్కి నొక్కి వేలు తిమ్మిరెక్కాక, అదే వేలున్న చేత్తో నెమ్మదిగా ట్రిగ్గర్ నొక్కమంటే ఎలా? అప్‌లూలా లాంటిది ఒకటి సంచిలో పడేసుకుంటే రేంజ్‌లో చివరి మ్యాగజైన్ కూడా మొదటిదానిలాగే కాల్చగలుగుతారు.

లోపలి భాగాల దగ్గర మాత్రం కాస్త ఆగండి. ట్రిగ్గర్ మార్చడం తప్పు కాదు, బాగా తయారైన కిట్ వేస్తే మొదట్లో వదులుగా కదిలే దూరం తగ్గుతుంది, తెగే చోటు స్పష్టంగా తెలుస్తుంది. కానీ ట్రిగ్గర్‌కి కట్టిపడేసి ఉన్నవి భద్రతకి సంబంధించిన భాగాలు. గ్లాక్‌నే తీసుకుంటే ట్రిగ్గర్ మధ్యలో ఉండే మీట, ఫైరింగ్ పిన్‌ని అడ్డుకునే పిన్ను, కింద పడ్డా పేలకుండా ట్రిగ్గర్ బార్ ఆనుకునే మెట్టు, ఈ మూడూ ఒకే కదలికతో ఒకదాని తర్వాత ఒకటి విడుదలవుతాయి. కొన్ని కిట్లలో వదులు దూరాన్ని తగ్గించే చిన్న స్క్రూ ఉంటుంది. దాన్ని అతిగా తిప్పితే ట్రిగ్గర్ బార్ ఆ మెట్టు మీద పూర్తిగా ఆనదు. బయటినుంచి చూస్తే అంతా మామూలుగానే ఉంటుంది, ట్రిగ్గర్ ముట్టుకుంటే చాలు అన్నంత హాయిగా ఉంటుంది, తుపాకీ కింద పడిన రోజు తెలుస్తుంది అసలు సంగతి. మెట్టుని ఆకురాయితో రుద్దడం, అడ్డుపిన్ను అంచులు అరగదీయడం లాంటివి వీడియో చూసి చేసే పనులు కావు, ఎంత బాగా చూపించినా సరే. గన్‌స్మిత్ దగ్గరికెళ్లండి. మార్చాక ఖాళీ తుపాకీతో కంపెనీ పుస్తకంలో ఉన్న పరీక్షలన్నీ చెయ్యండి. కొన్ని దేశాల్లో గొట్టం, ఫ్రేము లాంటివి మార్చడానికి విడిగా అనుమతి కావాలి, పోటీల్లో అయితే ఏ విభాగంలో ఏ మార్పు ఒప్పుకుంటారో రూల్ పుస్తకంలో రాసి ఉంటుంది, ఆ రెండూ భాగం ఆర్డర్ పెట్టకముందే చూసుకోవాల్సినవి.

ట్రిగ్గర్ తేలిక చెయ్యడానికి స్ట్రైకర్ స్ప్రింగ్ మెత్తనిది వేస్తారు కొందరు. ట్రిగ్గర్ తేలికవుతుంది, నిజమే, దాంతోపాటు పిన్ను ప్రైమర్ని (తూటా అడుగున నిప్పు రాజేసే భాగాన్ని) కొట్టే దెబ్బ కూడా తేలికవుతుంది. ప్రైమర్లు కొన్ని గట్టిగా ఉంటాయి, కొన్ని మెత్తగా. మెత్తటి ప్రైమర్లతో బ్రహ్మాండంగా ఆడిన తుపాకీ, వేరే పెట్టె తెరిచిన రోజు టిక్కు మని ఊరుకుంటుంది. రీకాయిల్ స్ప్రింగ్‌దీ అదే కథ, మరీ మెత్తనిదైతే స్లయిడ్ వెనక్కెళ్లి ఫ్రేముని గుద్దుతుంది, మరీ గట్టిదైతే పేలిన తూటా ఖాళీ తొడుగు బయటపడేంత దూరం స్లయిడ్ వెళ్లదు. మామూలు ఫ్యాక్టరీ తూటాలు వాడేవాళ్లు ఫ్యాక్టరీ స్ప్రింగే ఉంచుకుని, కొన్ని వేల తూటాలకొకసారి కొత్తది వేసుకుంటే చాలు.

తన్ను తగ్గాలంటే స్ప్రింగుల కన్నా తూటా మార్చడం మేలు. 115 గ్రెయిన్లది సెకనుకు 1150 అడుగుల వేగంతో పోయినా, 147 గ్రెయిన్లది 900 అడుగులతో పోయినా ఊపు ఇంచుమించు ఒకటే, పోటీల్లో పవర్ ఫ్యాక్టర్ అని లెక్కేసేది దాన్నే, రెండూ 132 వస్తాయి, ఐపీఎస్‌సీ పిస్టల్ పోటీల్లో మైనర్ వర్గానికి కావాల్సిన 125 దాటినట్టే. కానీ చేతికి వేరుగా తెలుస్తుంది. బరువు తూటా నెమ్మదిగా తోసినట్టుంటుంది, తేలిక తూటా చటుక్కున కొట్టినట్టుంటుంది. ఒక పెట్టె కొని పక్కపక్కన కాల్చి చూడండి, తుపాకీలో ఒక్క స్క్రూ విప్పకుండా వచ్చే మార్పు ఇది.

ఏ భాగం వేసినా పనిచేసిందో లేదో కాగితమే చెప్పాలి. వెయ్యకముందు 10 మీటర్లలో, తొందరపడకుండా, అయిదేసి తూటాల గుంపులు కొన్ని కాల్చి ఆ కాగితాలు దాచండి. వేశాక అదే తూటాలతో అదే దూరంలో మళ్లీ కాల్చండి. గుంపు చిన్నదైతే భాగం పనిచేసినట్టు. చిన్నది కాకపోతే, తూటాలు కిందికీ పక్కకీ పోతూనే ఉంటే, లోపం తుపాకీలో లేదు. స్నేహితుడిని మ్యాగజైన్ నింపమనండి, మధ్యమధ్యలో ఒకటి రెండు డమ్మీ తూటాలు పెట్టమనండి, ఎక్కడున్నాయో మీకు తెలియకూడదు. డమ్మీ వచ్చినప్పుడు శబ్దం రాదు, తన్ను ఉండదు, అయినా గొట్టం ముందు భాగం ఠక్కున కిందికి వంగడం మీ కళ్లతో మీరే చూస్తారు. రాబోయే చప్పుడుకి చెయ్యి ముందే బెదురుతోందన్నమాట. ఏ ట్రిగ్గర్ కిట్టూ దాన్ని బాగుచెయ్యదు.

దాన్ని బాగుచేసేది డ్రై ఫైర్, అంటే ఖాళీ తుపాకీతో సాధన. తూటాలన్నీ ఇంకో గదిలో పెట్టి, గదిలోకొచ్చాక మళ్లీ ఒకసారి ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) కంటితో చూసి వేలితో తడిమి, తూటా తగిలినా ఆపగలిగే గోడవైపు తిరిగి, ముందు సైటు మీద చూపు నిలిపి ట్రిగ్గర్ నెమ్మదిగా నొక్కడం. ట్రిగ్గర్ తెగిన క్షణంలో సైటు కదిలిందా లేదా అన్నది ఒక్కటే చూడాలి. .22 అయితే మాత్రం పుస్తకం చదవండి, కొన్నిట్లో ఖాళీగా కొడితే ఫైరింగ్ పిన్ ఛాంబర్ అంచుకి తగిలి గీత పడుతుంది, అలాంటివాటికి స్నాప్ క్యాప్ (పిన్ను దెబ్బ పట్టుకునే డమ్మీ తూటా) వాడాలి. చెవుల సంగతి కూడా ఇక్కడే చెప్తున్నాను, ఎందుకంటే ఆ బెదురులో సగం చప్పుడు వల్లే. 9 ఎంఎం శబ్దం 160 డెసిబెల్స్ దరిదాపుల్లో ఉంటుంది. లోపల ఫోమ్ ప్లగ్గులూ, పైన మఫ్‌లూ రెండూ కలిపి పెట్టుకోండి, ముఖ్యంగా నాలుగు గోడల రేంజ్‌లో. కొత్తవాళ్లకి ప్లగ్గుల మీద మఫ్‌లు కూడా పెట్టించిన రోజు గుంపులు దగ్గరపడటం నేను చాలాసార్లు చూశాను.

ఒకసారికి ఒక్క భాగమే మార్చండి. సైటూ, ట్రిగ్గరూ, స్ప్రింగూ ఒకే సాయంత్రం వేసేస్తే మర్నాడు తుపాకీ మొరాయించినప్పుడు దేన్ని తిట్టాలో తెలియదు. ఊడదీసిన ఫ్యాక్టరీ భాగాల్ని చిన్న ప్లాస్టిక్ కవర్లో వేసి, దాని మీద పిస్టల్ పేరు, భాగం పేరు, తేదీ రాసి పెట్టుకోండి. వారంటీకి పంపాల్సొస్తే అవి కావాలి, అమ్మాలన్నా కావాలి, కొత్త స్ప్రింగు నచ్చకపోతే పాతది వెతుక్కోకుండా దొరుకుతుంది.